పిన్ని చెప్పని రేసు

మా బస్టాండులో బస్సు తప్పిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, మా పిన్ని మాట వినపడక తప్పిపోయానని చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు. విచారణ కౌంటరు పక్కన అద్దాల గదిలో కూర్చుని, మైకు ముందుకు లాక్కుని, ఏ బస్సు ఎక్కడికి వచ్చి ఆగుతుందో, ఎందుకు ఆలస్యమైందో, ఎవరి పిల్లవాడు ఎవరి చెయ్యి విడిపించుకుని ఎక్కడ ఏడుస్తున్నాడో చెప్పడం ఆమె ఉద్యోగం. పెళ్లికి ముందు చేరింది. ఇప్పటికీ అదే గది, అదే కుర్చీ. ఎదురుగా పార్సిల్ కౌంటర్లో కూర్చునే నాకు ఆ గొంతు ఫ్యాను చప్పుడులాంటిది, ఆగితేనే తల ఎత్తి చూస్తాను.

ఆమె మా అమ్మకు సొంత చెల్లెలు. ఆ మాట చెబితే ఎవరూ నమ్మరు. మా అమ్మ ఏదైనా చెప్పాలంటే అటూ ఇటూ చూసి చెవిలో చెబుతుంది. పిన్ని చెవిలో చెప్పినా వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినపడుతుంది. ఇక బాబాయి బట్టల దుకాణంలో కటింగ్ మాస్టరు. పగలంతా పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని పని చేసే మనిషి కాబట్టి ఇంటికొచ్చాక కూడా నోరు తెరవడం అలవాటు తప్పింది. ఆ ఇంట్లో ఇద్దరి మాటలూ పిన్నే మాట్లాడేది. ఆమె ప్రశ్న అడిగి, ఆయన తరఫున జవాబు చెప్పి, ఆ జవాబు నచ్చక కోపం తెచ్చుకోవడం నేను కళ్లారా చూశాను.

అయితే నేను రాయాలనుకున్నది ఆ ఉద్యోగం గురించి కాదు, ఆదివారాల గురించి.

డిపో వెనక, బస్సులు కడిగే చోటుకు ఎదురుగా డ్రైవర్ల విశ్రాంతి గది ఉంది. వరసగా బల్లలు, గోడ పొడుగునా ఇనుప అరలు, ముందు గోడ మీద ఎత్తుగా బిగించిన టీవీ. చక్రాల మీద మూతలు లేకుండా, ఒక్క మనిషి మాత్రమే పట్టే ఆ రేసు కార్లంటే మా డిపోకు పిచ్చి. రేసు ఉన్న ఆదివారం డ్యూటీ లేనివాళ్లు కూడా ఇంట్లో ఏదో ఒక సాకు చెప్పి వచ్చేస్తారు. పొద్దస్తమానం స్టీరింగు తిప్పేవాళ్లకు సెలవురోజు కూడా ఇదేం సరదా అని ఒకసారి మా టైర్ల మేస్త్రిని అడిగాను.

"వాళ్లకు స్టాపు దగ్గర చెయ్యెత్తేవాళ్లు ఉండరమ్మా. అది చూసి కాస్త కడుపు నింపుకుంటారు," అన్నాడు.

టీవీలో వ్యాఖ్యానం పరాయి భాషలో, ఊపిరి తీసుకోకుండా సాగుతుంది. మా వాళ్లలో ఎవరికీ ముక్క అర్థమయ్యేది కాదు. చాలా ఏళ్ల క్రితం ఒక ఆదివారం, ఎన్నిసార్లు పిలిచినా బస్సు బయటికి తియ్యని డ్రైవరును చెడామడా తిట్టడానికి పిన్ని ఆ గదిలోకి వెళ్లింది. తిట్టాల్సినవాడు నోరు తెరుచుకుని టీవీ చూస్తున్నాడు. ఏం చూస్తున్నాడో చూద్దామని ఆమె కూడా నిలబడింది. నిలబడి కాసేపటికి, తెర మీద కనపడేది మైకులో చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టింది. ఎవరో టీవీ నోరు నొక్కేశారు. ఆ రోజు ఆ బస్సు ఎప్పుడు కదిలిందో నాకు తెలియదు. ఆ టీవీకి మాత్రం ఆ తర్వాత ఎన్నడూ గొంతు రాలేదు.

ఆమె చెబుతుంటే వినాలి. డ్రైవర్ల అసలు పేర్లు పలకదు, ఆమెకు నచ్చవు. ముదురాకుపచ్చ కారు నడిపే పాత ఛాంపియన్ను 'పెద్దాయన' అంటుంది. నారింజరంగు కారులో నిరుడు వచ్చిన తొందర మనిషిని 'కుర్రాడు' అంటుంది. ప్రతి మలుపు దగ్గరా రేడియోలో ఫిర్యాదు చేసే ఇంకొకాయన పేరు 'అత్తగారు'. పిన్ని అందరి కంటే వెనక, మంచినీళ్ల క్యాను పక్కన కూర్చుంటుంది. గొంతు వెనక నుంచి తలల మీదుగా వచ్చి టీవీకి తగులుతుంది. "కుర్రాడు లోపలికి దూరాడు, దూరాడు, పెద్దాయన చోటివ్వడం లేదు, చక్రాలు బయటికే ఉన్నాయి నాయనా, ముద్దు పెట్టుకున్నాయంటే ఇద్దరూ గోడకే" అంటుంటే బల్లల మీద మనుషులు తమకు తెలియకుండానే లేని బ్రేకు తొక్కుతుంటారు.

రేసు అయ్యాక మొదలవుతుంది అసలు రచ్చ. మేస్త్రి పెద్దాయన మనిషి. "టైరును కన్నబిడ్డలా చూసుకుంటాడు" అంటాడు. దూరప్రయాణాల బస్సు నడిపే మా హారన్ కుర్రాడి మనిషి. హారన్ అనేది అతనికి డిపో పెట్టిన పేరు. ఎందుకు పెట్టిందో అతని బస్సుకు ముందు నడిచినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వీళ్లిద్దరూ ఒకరి గొంతు మీద ఒకరు కూర్చుని వాదిస్తుంటే క్యాంటీన్ వదిన మధ్యలో దూరి ఇద్దరినీ కడిగేస్తుంది. పిన్ని ఎవరి పక్షమో మాత్రం ఎవరికీ తెలియదు. నాకు కూడా చెప్పలేదు. చెబితే తన మాట మీద నమ్మకం పోతుందట.

ఈసారి సీజను మా వాళ్లను నిద్రపోనివ్వలేదు. మొదట్లో పెద్దాయన అందనంత ముందున్నాడు. సగం దాటాక కుర్రాడు ఒక్కో రేసూ గెలుచుకుంటూ వచ్చి మీద పడ్డాడు. చివరి రేసుకు వచ్చేసరికి లెక్క తేలికైపోయింది. ఇద్దరిలో ఎవరు ముందు గీత దాటితే ఛాంపియన్‌షిప్ వాళ్లది. డిపోలో మేస్త్రీ, హారనూ పలకరింపులు మానేశారు. సరిగ్గా అప్పుడే పిన్ని గొంతు బొంగురుపోయింది.

జలుబు అనుకున్నాం. మిరియాలూ, వేడినీళ్లూ, అందరి సలహాలూ అయ్యాక డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. స్వరపేటిక మీద చిన్న బొడిపెలు లేచాయని, కోసి తీసెయ్యాలని ఆయన చెప్పాడు. ఆ తర్వాత కొన్ని వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. ఆ పైన గొంతు తిరిగి వస్తుంది గానీ, పాత గొంతే వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు.

"ఇంకొక్క రేసు ఉంది డాక్టరుగారూ. అది అయ్యాక చేయించుకుంటాను," అంది పిన్ని.

"ఆ రేసులో మీరు కారు నడపాలా?" అని అడిగాడాయన.

"నేను నడపకపోతే మా వాళ్లకు అది కదలదండీ," అంది.

ఆయన నవ్వలేదు. ఆలస్యం చేస్తే ఆ మాట కూడా మిగలదన్నాడు. బయటికొచ్చాక పిన్ని ఆస్పత్రి మెట్ల మీద కూర్చుండిపోయింది. "మైకు ఉంటే ఎలాంటి గొంతుతోనైనా బస్సులు కదులుతాయే. దాని గురించి నాకు బెంగ లేదు. ఆ విశ్రాంతి గది వాళ్లే… నా గొంతు పోయిందని తెలిస్తే జాలిపడతారు. వాళ్ల జాలి నేను భరించలేను," అంది. ఎప్పుడూ ఒకరి ముందు తల వంచని మనిషి అలా మాట్లాడితే నాకు ఒళ్లు మండింది. డాక్టరు మీదో, బొడిపెల మీదో తెలియదు.

ఆపరేషనుకు ముందురోజు విశ్రాంతి గదికి వెళ్లి, చివరి రేసు టీవీ గొంతుతోనే చూసుకోమని అందరికీ చెప్పింది. మేస్త్రి చేతులకంటిన నల్లటి మసి గుడ్డతో తుడుచుకుని, "చూడం," అన్నాడు.

"చూడకపోవడం ఏంటయ్యా, ఏడాదంతా కొట్టుకున్నారు కదా."

"రికార్డు చేసి పెడతాం. నువ్వొచ్చి చెప్పినప్పుడే మాకు రేసు. అప్పటిదాకా ఎవరు గెలిచారో ఈ డిపోలో ఎవరికీ తెలియకూడదు."

"నేను చూస్తాను బాబూ, నా వల్ల కాదు," అన్నాడు హారన్ నిజాయితీగా.

"చూడు. చూసినవాడికి వచ్చే సీజనంతా ఈ గదిలో నోరెత్తే హక్కు లేదు," అంది క్యాంటీన్ వదిన. అది హారన్‌కు ఉరిశిక్షతో సమానం. ముఖం మాడ్చుకుని ఒప్పుకున్నాడు. పిన్ని నమ్మలేదు. దారిలో నాతో, "రెండు రోజులు ఉంటారులే. తర్వాత చూసేసి, నా ముందు ఏమీ తెలియనట్టు నటిస్తారు. చిన్నపిల్లను ఆడించినట్టు," అంది.

ఆ తర్వాతి వారాల్లో మా డిపో పడ్డ పాట్లు ఎవరైనా చూసి ఉంటే మమ్మల్ని పిచ్చాసుపత్రిలో చేర్చేవాళ్లు. లోకమంతటికీ తెలిసిన విషయం ఒక్కటి తెలుసుకోకుండా బతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పొద్దున్నే పేపరు రాగానే మేస్త్రి కళ్లు మూసుకుని ఆటల పేజీ చించేసేవాడు. కళ్లు మూసుకుని చించడం వల్ల ఒక్కోరోజు వాతావరణం, ఒక్కోరోజు సినిమాలు కూడా పోయేవి. క్యాంటీన్ వదిన రేడియో తీగ పీకి డబ్బాలో దాచింది. హారన్ నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. అలాంటివాడు చెవుల్లో దూది పెట్టుకుని బండి నడిపాడు. ఒకరోజు ముందు సీట్లో ఇద్దరు కుర్రాళ్లు ఆ రేసు గురించే మొదలుపెట్టారట. దూది చాల్లేదు. వాళ్లు దిగేదాకా హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఫిర్యాదు వచ్చింది. సంజాయిషీ అడిగితే, "కారణం చెబితే ఎవరు గెలిచారో మీరు చెప్పేస్తారు సార్," అన్నాడట.

మా ఇంట్లో అదో బాధ. మా ఆయన రేసు చూసేశాడు. నోరు విప్పితే ఊరుకోనని చెప్పాను గానీ, ముఖం చూసి పసిగడతానేమోనని నాకు భయం. ఆ వారాలన్నీ ఆయన ముఖం చూడకుండానే వడ్డించాను. ఆయనకు తేడా తెలియలేదు.

అక్కడ పిన్ని ఇంట్లో అంతా తారుమారైంది. ఆమె పలక పట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండేసరికి బాబాయికి ఊపిరాడలేదు. ఆయనే మాట్లాడటం మొదలుపెట్టాడు. దుకాణానికి ఎవరొచ్చారు, ఎవరి నడుము ఎంత పెరిగింది, ఎవరు ఒప్పుకోకుండా పాత కొలతే రాయమన్నారు, అన్నీ చెబుతుంటే పిన్ని కళ్లు పెద్దవి చేసుకుని వినేది. నేను వెళ్లి డిపోలో పడుతున్న అవస్థలన్నీ చెప్పాను. పొట్ట పట్టుకుని చప్పుడు లేకుండా నవ్వింది. ఆ పైన పలక మీద 'ఎవరు నేర్పారే నీకు ఈ కథ? జాలి వద్దన్నాను' అని రాసి నా ముందు పెట్టింది. ఎంత చెప్పినా తల అడ్డంగానే ఊపింది. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. పలక చెరిపేసి వచ్చేశాను.

డాక్టరు మాట్లాడొచ్చు అన్న రోజు నేను పిన్ని వాళ్ల వంటింట్లో ఉన్నాను. వెనక నుంచి ఎవరో "ఒసేయ్" అన్నారు. ఇంటికి ఎవరో కొత్తావిడ వచ్చిందనుకుని వాకిలి వైపు చూశాను. పిన్నే. గొంతు కిందికి దిగిపోయి, మెత్తగా, ఇసుక కలిసినట్టు ఉంది. పక్క గదిలోకి కూడా పోదు. నేను వాకిలి వైపు చూడటం ఆమె చూసింది. ఆ రోజంతా మళ్లీ మాట్లాడలేదు.

ఇక విశ్రాంతి గదికి రానంది. బాబాయి చెప్పినా వినలేదు. చివరికి మేస్త్రే ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, మా వల్ల కావడం లేదు. పేపర్లూ లేవు, రేడియో లేదు, సొంత ఇళ్లల్లో తలవంచుకుని తిరుగుతున్నాం. నువ్వు వస్తావా, లేకపోతే మమ్మల్ని చూసుకోమంటావా? ఏదో ఒకటి చెప్పు."

పిన్ని అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. "వస్తాను," అంది. ఆమె వెళ్తున్నది రేసు చెప్పడానికి కాదని, వాళ్ల నాటకం బయటపెట్టడానికని నాకు అర్థమైంది.

ఆ ఆదివారం గది నిండిపోయింది. ఎన్నడూ రేసు ముఖం చూడని బాబాయి కూడా మంచినీళ్ల సీసా పట్టుకుని వచ్చాడు. మేస్త్రి రికార్డు పెట్టి, బొమ్మ కదలకుండా ఆపి, పిన్ని వైపు తిరిగాడు. పిన్ని కూర్చోలేదు. ఆ కొత్త గొంతుతోనే, ముందు వరసకు వినపడేంతగా అంది.

"పెద్దాయన గెలిచాడని ఊరంతా తెలుసు. మీకూ తెలుసు. ఇంకా ఈ నాటకం ఎవరి కోసం?"

వినపడనివాళ్లకు ముందు వరసవాళ్లు చెప్పారు. హారన్ రెండు చేతులూ తల మీద పెట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు. "అక్కా, ఇన్నాళ్లూ చెవుల్లో దూది పెట్టుకుని తిరిగానే. ఆఖరికి మీ నోటి నుంచేనా వినాల్సింది," అన్నాడు. అతని మనిషి ఓడాడు కాబట్టి ఏడ్చాడనుకోవచ్చు. కానీ మేస్త్రి? అతని పెద్దాయన గెలిచాడు. ఎగిరి గంతెయ్యాలి. అతను రిమోటు బల్ల మీద పెట్టేసి గోడ వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"గెలిస్తే గెలిచాడు. ఎవడిక్కావాలి? ఎలా గెలిచాడో మలుపు మలుపూ నువ్వు చెబుతావని కదా ఆగాం. ఇలా ఒక్క ముక్కలో మొహాన కొడతావా," అన్నాడు. మాట పూర్తయ్యేసరికి అతని గొంతు కూడా బొంగురుపోయింది.

క్యాంటీన్ వదిన అయితే నేరుగా పిన్ని మీదికే వెళ్లింది. "ఏం మనిషివమ్మా నువ్వు. రేడియో తీగ పీకుకుని కూర్చున్నాను నేను."

పిన్ని ఒక్కొక్కరి ముఖమే చూస్తూ వచ్చింది. నటించేవాళ్లను ఆమె కనిపెట్టగలదు. రోజూ బస్సు తప్పిపోయినవాళ్లూ, తప్పిపోయినట్టు చెప్పేవాళ్లూ ఆమె కిటికీ ముందుకే వస్తారు. ఇక్కడ ఒక్కరూ నటించడం లేదు. ఆమె కళ్లు నిండాయి, ఆ తర్వాత నవ్వింది.

"ఎవరు గెలిచారో నాకూ తెలియదయ్యా. మీ బావగారు ఇంట్లోకి పేపరు రానివ్వలేదు. మీ ముఖాలు చూద్దామని అలా అన్నాను."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గది గదంతా ఆమెను తిట్టిపోసింది. అంత మనసారా తిట్లు తిన్న మనిషి అంత సంతోషంగా ఉండటం నేను మళ్లీ చూడలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని మంచినీళ్ల క్యాను పక్కన తన కుర్చీలో కూర్చుంది. "పెట్టు," అంది.

మొదటి మలుపు దాకానే సాగింది. ఆమె చెబుతున్నది రెండు వరసల తర్వాత వినపడటం లేదు. ఎవరో మైకు తెచ్చారు. ఆ చిన్న గదిలో అది కీచుమని అరిచేసరికి పిన్ని పక్కకు తోసేసింది. మేస్త్రి లేచి ఫ్యాను ఆపాడు. హారన్ తలుపు మూసి, బయట బస్సు కడుగుతున్నవాళ్లను నీళ్లు కట్టెయ్యమని చెప్పి వచ్చాడు. అయినా చాల్లేదు. అప్పుడు వాళ్లు, ఎవరూ చెప్పకుండానే, బల్లలు ఎత్తి ఆమె చుట్టూ దగ్గరగా వేసుకున్నారు. మోకాళ్లు మోకాళ్లకు తగిలేలా కూర్చుని ముందుకు వంగారు. చెమటలు కారుతున్నా ఎవరూ కదల్లేదు.

ఆమె ఇప్పుడు అరవలేని మనిషి కాబట్టి అరవలేదు. చెవిలో చెప్పినట్టు చెప్పింది. కుర్రాడు మొదట్లోనే ముందుకు దూసుకుపోయాడు. పెద్దాయన వెనకే, తొందర లేకుండా, టైర్లు దాచుకుంటూ. సగం దాటాక ఇద్దరి మధ్యా దూరం తగ్గడం మొదలైంది. "కుర్రాడి వెనక చక్రాలు జారుతున్నాయి. మీకు కనపడదు, కారు తోక చూడండి, చిన్నగా ఊగుతోంది" అని ఆమె గుసగుసగా అంటే, పాత గొంతు ఎంత గట్టిగా అరిచినా రాని భయం వచ్చి నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. బాబాయి సీసా మూత తీసి పట్టుకుని, ఇవ్వడం మర్చిపోయి అలాగే ఉన్నాడు. ఈమె మా పిన్ని అని బస్టాండు మొత్తానికి వినపడేలా మైకులో చెప్పాలనిపించింది.

ఆఖరి చుట్టు. "పక్కకొచ్చాడు. పెద్దాయన పక్కకొచ్చాడు. చక్రం పక్కన చక్రం. ఎవరూ తగ్గడం లేదు. ఆఖరి మలుపు." ఊపిరి కోసం ఆగింది. నేను అప్పుడు తల ఎత్తాను. ఆ గదిలో టీవీకి ఎదురుగా ఉన్నది పిన్ని ఒక్కతే. మిగతా అందరూ, ఏడాదంతా ఈ రేసు కోసం కొట్టుకున్నవాళ్లు, ఇన్ని వారాలు కళ్లూ చెవులూ మూసుకుని ఎదురుచూసినవాళ్లు, టీవీకి వీపులు పెట్టి ఆమె పెదాల వైపే చూస్తున్నారు. ఒక్కరు కూడా వెనక్కి తిరగలేదు.

"కుర్రాడు," అంది పిన్ని. "ముక్కంత తేడాతో. కుర్రాడే."

అప్పుడు తిరిగారు. అప్పటికి తెర మీద అతను కారులోంచి లేచి నిలబడి హెల్మెట్ తీస్తున్నాడు. హారన్ ఎవరినో కౌగిలించుకుని గెంతుతున్నాడు. మేస్త్రి మాత్రం తెర వైపు చాలాసేపు చూసి, "అవును, అక్క చెప్పినట్టే ఉంది," అన్నాడు.